చందాదారుల జాబితాలో దొంగపేర్లు



ఒకప్పుడు పత్రికకు చందా కట్టాలంటే తపాలా ఆఫీసుకు వెళ్ళి, మనియార్డరు ఫారం నింపి, డబ్బు చెల్లించి, రసీదు భద్రంగా దాచుకోవలసి వచ్చేది. చేతి డబ్బు పోతుంది కనుక లేని మనిషి పేరున, ముక్కూ మొహం తెలియని మనిషి పేరున చందా కట్టే పని ఎవరూ పెట్టుకొనేవారు కారు. ఇప్పుడు ఇంటర్నెట్టులో ఈ-మెయిల్ ద్వారా వచ్చే వార్తాలేఖలు చాలావాటికి చందా డబ్బు అక్కరలేదు. బడి పూర్వ విద్యార్థుల సంఘం కానీయండి, కోవెల ఉత్సవ కమిటీ కానీయండి, మా చత్రపట్టి వైపు బ్యాండేజి గుడ్డ నేసి అమ్మే చిన్న వ్యాపారి కానీయండి, తమ వెబ్ పేజీ అడుగున ఒక చిన్న గడి పెడుతున్నారు. "మీ ఈ-మెయిల్ చిరునామా ఇక్కడ రాయండి, నెలనెలా మా వార్తలు పంపుతాము" అని దాని పైన రాసి ఉంటుంది. ఆ గడి తలుపు లేని గది వంటిది. లోపలికి ఎవరు వస్తున్నారో చూసే మనిషి అక్కడ ఉండడు. ఆ గదిలోకి జొరబడే దొంగపేర్లను గురించి, వాటిని ఆపే ఉపాయాలను గురించి ఈనాడు నాలుగు మాటలు చెబుతాను.

ఇది పెద్ద కంపెనీల గొడవ, సేత్తూరువాళ్ళకూ రాజపాళయంవాళ్ళకూ ఎందుకు అని మీరు అనుకోవచ్చు. ఎందుకో ముందుగా చెప్పుకుందాం. మన ఊళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాల పిల్లలు ఇప్పుడు చెన్నైలో ఉన్నారు, బెంగుళూరులో ఉన్నారు, గల్ఫులో ఉన్నారు, అమెరికాలో ఉన్నారు. ఊరి పండుగ ఏ తేదీన, బడిలో చేరికలు ఎప్పటి నుంచి, ఉపకార వేతనానికి దరఖాస్తు ఎప్పటిలోగా పంపాలి అన్న సంగతులు వాళ్ళకు చేరవేసేది ఇటువంటి చిన్న వార్తాలేఖలే. కొన్ని లేఖలలో పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పే పాఠం కూడా ఒకటి జతచేసి పంపుతున్నారు. ఆ లేఖ ఒక నెల చేరకపోతే ఉపకార వేతనం గడువు దాటిపోతుంది. చేరకుండా చేసే కారణాలలో ఈ దొంగపేర్లు ఒకటి. పేర్లు ఎక్కువైతే లేఖ ఎందుకు ఆగుతుంది అన్న ప్రశ్నకు వెనుక జవాబు చెబుతాను.

ముందు ఈ దొంగపేర్లు రాసేది ఎవరో చూద్దాం. చాలావరకు మనుషులు కారు. బాట్ అని పిలిచే ప్రోగ్రాములు. రాత్రీ పగలూ లేకుండా ఇంటర్నెట్టు అంతా తిరుగుతూ, ఎక్కడ గడి కనబడితే అక్కడ ఏదో ఒకటి నింపి మీట నొక్కిపోవడం వాటి పని. మీ సంఘం మీద వాటికి పగేమీ లేదు, మీ ఊరి పేరు కూడా వాటికి తెలియదు. గాలికి కొట్టుకొచ్చిన కలుపు విత్తనం ఎవరి పొలమని చూసుకుంటుందా? దున్ని వదిలిన చోటల్లా మొలుస్తుంది.

అయితే విత్తనం చల్లినవాడికి లాభం ఉంది. ఆ లాభం మూడు నాలుగు రకాలుగా ఉంటుంది. కొందరు పేరు రాయవలసిన గడిలో ఒక ప్రకటననూ దాని లింకునూ రాస్తారు. చిరునామా గడిలో వేరే ఎవరిదో చిరునామా రాస్తారు. మీ సంఘం కంప్యూటరు మర్యాదగా "ప్రియమైన ఫలానావారికి స్వాగతం" అని ఆ చిరునామాకు లేఖ పంపుతుంది. ఫలానావారు అన్నచోట మనిషి పేరు ఉండదు, దొంగ ప్రకటన ఉంటుంది. అంటే మీ సంఘం పేరు మీద, మీ ఖర్చుతో, వాడి ప్రకటన మూడోవాడికి చేరుతుంది. పోస్టుమాన్ మీరే, తపాలా బిళ్ళ మీదే, ఉత్తరం మాత్రం వాడిది. ఇంకొందరు ఎక్కడో దొంగిలించి కొనుక్కున్న చిరునామాల మూటలో ఏవి పనిచేస్తున్నాయో తెలుసుకోవడానికి మీ ఫారాన్ని గీటురాయిగా వాడుకుంటారు.

అన్నిటికంటే ప్రమాదకరమైన రకం మరొకటి. ఒక మనిషి చిరునామాను వేలకొద్దీ వార్తాలేఖల ఫారాలలో ఒకేసారి చేర్పిస్తారు. ఒక్క గంటలో అతని పెట్టె స్వాగత లేఖలతో నిండిపోతుంది. ఇది ఆకతాయితనం అనుకోకండి. అదే గంటలో అతని కార్డు మీద దొంగ కొనుగోలు ఏదో జరుగుతూ ఉంటుంది. బ్యాంకు పంపిన హెచ్చరిక లేఖ ఆ వేల స్వాగతాల నడుమ గడ్డివాములో సూది అయిపోతుంది. 2016 ఆగస్టులో అమెరికాలో ప్రభుత్వ ఉద్యోగుల చిరునామాల మీద ఇటువంటి దాడి పెద్దయెత్తున జరిగి వార్తలకెక్కింది. అందులో వాడుకోబడినవి దొంగ సంస్థలు కావు, మామూలు సంస్థల మామూలు వార్తాలేఖల ఫారాలే. తాళం వేయని ప్రతి ఫారమూ ఆ దాడిలో ఒక రాయి అయింది. కాబట్టి మన ఫారానికి తాళం వేయడం మన జాబితా శుభ్రం కోసమే కాదు. ఎక్కడో ఉన్న ఒక ముసలాయన బ్యాంకు ఖాతా కోసం కూడా.

ఇక లేఖ ఎందుకు ఆగుతుందో చెబుతానన్నాను. అడగకుండా వచ్చిన లేఖను చూసి విసుగెత్తినవాడు "ఇది స్పామ్" అన్న మీట నొక్కుతాడు. జీమెయిల్ నడిపే గూగుల్, యాహూ ఈ ఫిర్యాదులను లెక్కపెడతాయి. 2024 ఫిబ్రవరి నుంచి ఈ రెండు సంస్థలూ నియమాలు కట్టుదిట్టం చేశాయి. ఫిర్యాదులు నూటికి 0.3 దాటకూడదు, అంటే వెయ్యికి మూడు. ఒక చిన్న లెక్క వేద్దాం. మీ లేఖ 700 మందికి వెళుతున్నదనుకోండి. అందులో ముగ్గురు ఫిర్యాదు చేస్తే వెయ్యికి నాలుగు దాటింది. ఆ ముగ్గురూ మీ ఊరివాళ్ళు కారు, బాట్ చేర్చిన పరాయివాళ్ళు. కానీ ఇటువంటిది నెలనెలా జరిగితే శిక్ష పడేది మీ ఊరివాళ్ళకు. వాళ్ళకు వెళ్ళవలసిన లేఖ కూడా స్పామ్ సంచీలో పడుతుంది. అదీగాక, స్పామ్‌హాస్ వంటి సంస్థలు స్పామ్ పంపేవారి నల్లజాబితాలు తయారుచేస్తాయి. ఏ మనిషీ వాడని చిరునామాలను ఉచ్చులుగా వదిలి ఉంచేవారూ ఉన్నారు. ఆ చిరునామా మీ జాబితాలో చేరిందంటే మీరు ఎవరి అనుమతీ అడగకుండా లేఖలు పంపుతున్నారనే అర్థం. ఖర్చు సంగతి వేరే. లేఖలు పంపిపెట్టే కంపెనీలలో చాలావరకు జాబితాలోని తలల లెక్కన వసూలు చేస్తాయి. లేని తలలకు కూడా కట్టాలి.

స్పామ్ అన్న మాట చాలాసార్లు వాడాను. అది నిజానికి అమెరికాలో 1937 నుంచి డబ్బాలలో అమ్మే ఒక మాంసం సరుకు పేరు. ఇంగ్లండు టెలివిజన్‌లో 1970లో వచ్చిన ఒక హాస్య సన్నివేశంలో ఏ వంటకం అడిగినా అదే వడ్డిస్తారు. వద్దన్నా వచ్చిపడేదానికి ఆ పేరు అలా అంటుకున్నది. పేరు పెట్టకముందే పని మొదలైంది. 1978 మే నెలలో ఒక కంప్యూటరు కంపెనీ ఉద్యోగి అప్పటి అర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకేసారి తమ యంత్రం ప్రకటన పంపాడు. దానినే మొట్టమొదటి స్పామ్‌గా చెప్పుకుంటారు.

మనిషినీ యంత్రాన్నీ వేరుచేసి పట్టుకునే పరీక్ష 2000 ప్రాంతంలో పుట్టింది. యాహూలో బాట్‌లు వేలకొద్దీ ఉచిత ఖాతాలు తెరుస్తుంటే, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మాన్యుయెల్ బ్లూమ్, ఆయన శిష్యుడు లూయిస్ వాన్ ఆన్, మరికొందరు కలిసి క్యాప్చా అన్నదాన్ని రూపొందించారు. వంకరటింకరగా సాగదీసిన అక్షరాలు చూపించి, అవేమిటో రాయమనేవారు. మనిషి చదవగలడు, యంత్రం చదవలేదు అన్నది దాని ఆధారం. రైలు టికెట్టు కొనుక్కునేటప్పుడు మీరంతా ఆ అక్షరాలతో కుస్తీ పట్టినవారే. తరువాత 2007లో వాన్ ఆన్ బృందమే రీక్యాప్చా తెచ్చింది. యంత్రాలు చదవలేకపోయిన పాత పుస్తకాల మాటలను మనుషుల చేత చదివించుకున్నది. 2009లో దానిని గూగుల్ కొన్నది. పరీక్ష రాస్తూనే మనం ఎవరి పుస్తకాలకో ఉచితంగా అచ్చుతప్పులు దిద్దామన్నమాట. మాస్టారుగా నాకు ఆ ఆలోచన ముచ్చటగానే ఉన్నది కానీ, దిద్దినవారికి సంగతి చెప్పి ఉంటే బాగుండేది.

అయితే ఆ ఆధారం ఎంతోకాలం నిలవలేదు. 2014లో గూగుల్ సంస్థే ఒక సంగతి ప్రకటించింది. అన్నిటికంటే కష్టమైన వంకర అక్షరాలను కూడా యంత్రం నూటికి 99.8 వంతులు సరిగా చదివేస్తున్నదట. "నేను రోబోను కాను" అన్న గడిలో టిక్కు పెట్టే పద్ధతి ఆ ఏడాదే వచ్చింది. 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అర్వైన్ శాఖ పరిశోధకులు 1,400 మంది మనుషులను కూర్చోబెట్టి చూస్తే, చాలా రకాల క్యాప్చాలలో బాట్‌లే మనుషులకంటే వేగంగా, తప్పులు తక్కువగా చేస్తున్నాయని తేలింది. దొంగ సులువుగా దాటిపోతున్నాడు, ఇంటివాడే గడప దగ్గర తడబడుతున్నాడు.

ఇక్కడే మన దేశానికి సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. యంత్రానికి చేతకానప్పుడు దొంగ కంపెనీలు మనుషులనే కూలికి పెట్టుకుంటాయి. 2010 నాటికే భారతదేశం, బంగ్లాదేశ్, చైనా వంటి దేశాలలో వెయ్యి క్యాప్చాలు చదివి రాస్తే సుమారు ఒక డాలరు కూలి ఇచ్చేవారని న్యూయార్క్ టైమ్స్ రాసింది. "ఇంట్లోనే కూర్చుని టైపు చేసి సంపాదించండి" అని గోడమీదా ఫోనులోనూ వచ్చే ప్రకటనలలో కొన్ని ఈ పనికే. చదువుకుని పని దొరకని మన ఊరి పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, అది మామూలు డేటా ఎంట్రీ అనుకుని చేరుతున్నారు. వాళ్ళు రాసే ప్రతి జవాబూ ఎవరి తాళాన్నో తెరుస్తున్నదని వాళ్ళకు ఎవరూ చెప్పరు. పైగా కొందరు చేరేముందు డిపాజిట్టు కట్టించుకుంటారు. పనిచ్చేవాడు పనిచేసేవాళ్ళ దగ్గర డబ్బు అడిగాడంటే అక్కడే ఆగిపోవాలి. తల్లిదండ్రులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలని నా మనవి.

దొంగ చేరికలు ఎంత దూరం పోగలవో తెలియాలంటే రైల్వేవారి సంగతే చూడండి. చెన్నై నుంచి చెంగోట్టకు వెళ్ళే పొదిగై ఎక్స్‌ప్రెస్ రాజపాళయం మీదుగా వెళుతుంది. పండుగ రోజుల్లో తత్కాల్ టికెట్టు కోసం మనవాళ్ళు పొద్దున్నే ఫోను పట్టుకుని కూర్చుంటారు. తెరవగానే అయిపోయాయంటుంది. 2025 జూన్‌లో రైల్వేశాఖ చెప్పిన లెక్క ఏమిటంటే, తత్కాల్ తెరిచిన మొదటి ఐదు నిమిషాలలో వచ్చే ప్రయత్నాలలో సగం దాకా బాట్‌లవే. రెండున్నర కోట్ల అనుమానపు ఖాతాలను ఐ.ఆర్.సి.టి.సి. రద్దు చేసింది. దొంగ ఖాతాలకు వాడే తాత్కాలిక ఈ-మెయిల్ చిరునామాలను వేలకొద్దీ డొమైన్లతో సహా అడ్డుకున్నది. 2025 జూలై 1 నుంచి తత్కాల్ కొనడానికి ఆధార్‌తో సరిచూసిన ఖాతా ఉండాలన్నది.

రైలు బెర్తుకు ఆధార్ అడగడంలో న్యాయం ఉంది. ఒక దొంగ ఖాతా ఒక అసలు ప్రయాణికుని బెర్తు మింగుతుంది. కానీ పూర్వ విద్యార్థుల లేఖ పంపడానికి ఆధార్ నంబరో ఫోను నంబరో అడగడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. అడిగేవాళ్ళు ఉన్నారు కనుక చెబుతున్నాను. అడిగి తెచ్చుకున్న ప్రతి నంబరునూ కాపాడే భారం మీ మీద పడుతుంది. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఏ పనికి ఎంత సమాచారం అవసరమో అంతే తీసుకోవాలంటుంది. ఆ మనిషి అనుమతి స్పష్టంగా, తన చేతితో తాను ఇచ్చినదై ఉండాలంటుంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలులోకి వస్తాయి. బాట్ చేర్చిన చిరునామాకు ఆ మనిషి అనుమతి ఎక్కడిది?

సరే, మరి చిన్న సంఘం ఏం చేయాలి? ఇక్కడ మా ప్రాంతానికే చెందిన ఒక చిక్కు చెబుతాను. ఒక సంఘంవారు తమ ఫారంలో క్యాప్చాకు బదులు సొంత ప్రశ్న ఒకటి పెట్టారు. ఆలోచన మంచిదే. ప్రశ్న తెలుగు లిపిలో ఉంది. "ఉగాది పచ్చడిలో ఎన్ని రుచులు?" విదేశీ బాట్‌కు ఉగాది పచ్చడి ఏం తెలుసు అనుకున్నారు. కొద్దికాలం దొంగపేర్లు తగ్గాయి. దానితోపాటు అసలు పేర్లు కూడా తగ్గాయి.

కారణం మనకు తెలియనిది కాదు. మన ఇళ్ళలో తెలుగు నోటిలో ఉన్నది, కంటిలో లేదు. అమ్మతో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదువుకుని, ఆఫీసులో ఇంగ్లీషు రాసేవాళ్ళం మనం. 2006లో తమిళనాడులో తమిళ అభ్యసన చట్టం రాకముందే మా తాలూకాలో తెలుగు అక్షరం చదవలేని తెలుగు ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ చట్టం వచ్చి బడులలో మొదటి భాషగా తమిళం తప్పనిసరి అయిన తరువాత పెరిగిన పిల్లలలో ఇంకా ఎక్కువ. ఉగాదినాడు చేదూ తీపీ కలిపి నాకిన పిల్ల, ఆ ప్రశ్నను ఎవరైనా చదివి వినిపిస్తే క్షణంలో జవాబు చెబుతుంది. అక్షరాల్లో చూపిస్తే ఆమెకు అది గోడమీది గీత. తెలుగు నేర్చుకోవాలని లేఖ కోసం వచ్చిన పిల్లనే తెలుగు రాదని గడప దగ్గర ఆపేసిన ప్రశ్న అది.

ఇంకో తమాషా వినండి. ఆరు అన్న అంకెకు తెలుగులోనూ తమిళంలోనూ పలుకు దాదాపు ఒకటే. ప్రశ్నను ఎలాగో అర్థం చేసుకున్న కొందరు జవాబును తమిళ లిపిలో ఆరు అని రాశారు. చెవికి సరైన జవాబే. కంప్యూటరుకు చెవి లేదు కదా! తెలుగు అక్షరాల ఆరు, అంకెల 6 తప్ప మరొకటి దానికి చెప్పలేదు. తప్పు అన్నది. ఇంతలో ఈ కాలపు కృత్రిమ మేధ బాట్‌లు షడ్రుచులను పేరుపేరునా వల్లించేంత చదువుకున్నాయి. చివరికి ఆ ప్రశ్న పక్కింటివాళ్ళను ఆపి దొంగను రానిచ్చే కుక్క అయింది. రాజపాళయం కుక్క ఎన్నడూ అలా చేయదు.

కాబట్టి ప్రశ్నే వద్దు అన్నది నా అభిప్రాయం. తప్పదనుకుంటే తెలుగు, తమిళం రెండు లిపుల్లోనూ ప్రశ్న పెట్టి, జవాబు అంకెలో అడగండి. కంటిచూపు లేనివారి కంప్యూటరు దానిని చదివి వినిపించగలిగేలా ఉండాలి. బొమ్మలోని అక్షరాలను ఆ కంప్యూటరు చదవలేదు.

ప్రశ్న లేకుండా ఎలా పట్టుకోవాలి? మా మామిడితోటలవాళ్ళకు ఒక పద్ధతి తెలుసు. పండుఈగ పట్టకుండా తోటలో ఎరబుట్టలు కడతారు. అందులో పెట్టే మిథైల్ యూజెనాల్ వాసనకు మగ ఈగలు వచ్చి పడతాయి. ఫారంలో కూడా అటువంటి ఎర గడి ఒకటి పెట్టవచ్చు. మనిషి కంటికి కనబడకుండా దాచిన గడి. కనబడదు కనుక మనిషి దానిని ఖాళీగా వదిలేస్తాడు. బాట్ తెర మీద చూసి నింపదు, వెనుక ఉన్న రాతను చదివి నింపుతుంది. కనుక దాచిన గడినీ నింపేస్తుంది. ఆ గడి నిండి వచ్చిందంటే ఆ చందాను చప్పుడు చేయకుండా పక్కన పడేయవచ్చు. చేసి ఇచ్చే కుర్రవాడికి రెండు జాగ్రత్తలు చెప్పండి. కళ్ళు లేనివారి చదివే యంత్రానికి కూడా ఆ గడి కనబడకూడదు. ఫోను తనంతట తాను పేరూ చిరునామా నింపే అలవాటుతో ఆ గడిని కూడా నింపకుండా చూడాలి. లేకపోతే ఎరబుట్టలో తేనెటీగలు పడతాయి.

దీనికి తోడు సమయం చూడడం. ఫారం తెరిచిన ఒకటి రెండు సెకన్లలో నింపి పంపింది మనిషి కాదు. మా ఊరి పెద్దవాళ్ళకు చిరునామాలో ఆ చుట్టల గుర్తు ఎక్కడుందో వెతకడానికే అర నిమిషం పడుతుంది.

ఒకే చోటి నుంచి వరుసగా వచ్చేవాటిని ఆపడం మరొక పద్ధతి. ఇందులో మాత్రం తొందర పనికిరాదు. బడి కంప్యూటరు గదిలో నలభై మంది పిల్లలు కూర్చుంటే బయటి ప్రపంచానికి వాళ్ళందరి ఇంటర్నెట్టు చిరునామా ఒకటే. మొబైలు కంపెనీలు కూడా ఎంతోమంది ఫోన్లను ఒకే చిరునామా వెనుక నడుపుతాయి. గంటకు ముగ్గురే అని నియమం పెడితే నాలుగో పిల్లవాడి నుంచి అందరూ దొంగలైపోతారు. ఒక నిమిషంలో యాభై వస్తే ఆపండి, పది వస్తే ఊరుకోండి.

వీటన్నిటికంటే గట్టిది ఒకటి ఉంది. అది పాత తపాలా బుద్ధే. ఎవరైనా చిరునామా ఇవ్వగానే జాబితాలో చేర్చకూడదు. ఆ చిరునామాకు ఒక్క లేఖ పంపాలి. "ఈ చిరునామాతో మా లేఖ కావాలని ఎవరో అడిగారు. మీరే అయితే ఈ లింకు నొక్కండి. కాకపోతే ఊరుకోండి, మళ్ళీ రాయము." నొక్కినవాడే చందాదారు. నొక్కని చిరునామాను వారం పది రోజుల్లో చెరిపివేయాలి. బాట్ రాసిన దొంగ చిరునామాకు ఆ లేఖ చేరదు, పరాయివాడి చిరునామా అయితే అతను నొక్కడు. డబ్బు కట్టిన రసీదు చేసే పని ఈ నొక్కు చేస్తుంది.

ఆ లేఖ రాయడంలోనే నేర్పు ఉంది. అందులో పేరు పెట్టి పిలవవద్దు. ఇందాక చెప్పిన దొంగ ప్రకటన దూరేది ఆ పేరు సందులోనే. అసలు ఫారంలో పేరు గడే తీసేయండి, చిరునామా ఒక్కటి చాలు. సంఘం చరిత్ర, అధ్యక్షుల వారి ఫోటో, విరాళాల విన్నపం ఇవేవీ ఆ లేఖలో వద్దు. ఒకే చిరునామాకు రోజుకు ఒకటి కంటే ఎక్కువ పంపవద్దు. లేకపోతే ఇందాక చెప్పిన ముసలాయన పెట్టెలో రాళ్ళు వేసేవాళ్ళలో మీరూ ఒకరవుతారు. ఇంకొక సూక్ష్మం ఉంది. కొన్ని ఆఫీసులలో వచ్చిన ప్రతి లేఖలోని లింకునూ భద్రత కోసం యంత్రమే ముందుగా తెరిచి చూస్తుంది. అది తెరవడాన్నే అంగీకారమనుకుంటే మనిషి ఎరుగకుండానే చందాదారు అవుతాడు. అందుకని లింకు తెరిచాక వచ్చే పేజీలో "అవును, పంపండి" అన్న మీటను మనిషి నొక్కాలి.

ఆ ఉత్తరం ఏ భాషలో అంటారా? తెలుగు, తమిళం, రెండూ. పంపినవారి పేరు మన ఊరివాళ్ళు గుర్తుపట్టేలా ఉండాలి. సంఘం ఇంగ్లీషు పేరు మొదటి అక్షరాలు మూడు పెట్టి పంపితే, మా అత్త వంటివాళ్ళు అది బ్యాంకు మోసం అనుకుని తుడిచేస్తారు. అలా తుడిచేయడం మేమే నేర్పాము కనుక ఆమెను అనేందుకు లేదు. ఈ పద్ధతిలో కొందరు అసలువాళ్ళు కూడా జారిపోతారన్నది నిజం. లింకు నొక్కడం మరిచిపోతారు, లేఖ స్పామ్ సంచీలో పడుతుంది. అందుకని ఫారం నింపిన వెంటనే "మీ పెట్టె చూడండి, అక్కడ లేకపోతే స్పామ్ సంచీ చూడండి" అని రెండు లిపుల్లో తెర మీద చూపించండి. ఊరి సభలలోనూ నోటితో చెప్పండి.

ఇప్పటికే జాబితా నిండా దొంగపేర్లు ఉన్నవారి సంగతి ఏమిటి? అందరికీ ఒకసారి నిర్ధారణ లేఖ పంపి, నొక్కనివారిని తీసేయడం పుస్తకంలో చెప్పే మార్గం. మన దగ్గర దానిని ఉన్నదున్నట్టు అమలు చేస్తే నష్టపడతాం. ఇక్కడ చాలా చిరునామాలు ఒక్క మనిషివి కావు. తాత చిరునామా మనవడు తెరుస్తాడు, మనవడు సెలవులకు వచ్చినప్పుడే తాత లేఖ వింటాడు. ఆరు నెలలు ఎవరూ తెరవలేదంటే దొంగపేరని కాదు, మనవడికి పరీక్షలని అర్థం కావచ్చు. కనుక తీసేయబోయే పేర్లను ముందు ఒక కాగితం మీదకు ఎక్కించండి. పెళ్ళిళ్ళలో మొయ్ నోటుపుస్తకం రాసే పెద్దమనిషి ప్రతి ఊరిలోనూ ఒకరుంటారు. ఎవరి కొడుకు ఎవరు, ఎవరి ఇంటిపేరు ఏది, ఏ ఇల్లు ఏ ఊరికి మారింది అన్నీ ఆయనకు కంఠోపాఠం. ఆ కాగితం ఆయన ముందు గట్టిగా చదవండి. అచ్చులు లేకుండా పది హల్లులు వరుసగా పేర్చిన పేరు వచ్చినప్పుడు ఆయన నవ్వుతారు, దానిని కొట్టేయండి. "ఉండుండు, వీడు మన మిల్లు గుమాస్తా రెండోవాడు కదూ, కువైట్‌లో ఉన్నాడు" అన్నచోట ఆగి, కువైట్‌కు ఒక ఫోను చేయండి.